స్పంజికలో దొరికిన స్ట్రెప్టోమైసిస్‌లో 38 క్లస్టర్లు: నేల మీది చుట్టంతో పోల్చొచ్చా?

మొగ_దాటాక
కాకినాడ అఖాతంలో జెట్టీ స్తంభాలకి పట్టిన స్పంజిక (స్పాంజి) నుంచి ఒక స్ట్రెప్టోమైసిస్ (యాంటీబయోటిక్లు చేసే రకం బాక్టీరియా) వచ్చింది. జాతిని గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువు పూర్తిగా చదివిస్తే స్ట్రెప్టోమైసిస్ ఆల్బిడోఫ్లేవస్ అనే జాతితో 99.8% కలిసింది. ఇల్యూమినా మెషీనులో 150 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) జంట రీడ్లు తీయించి, ఆ చిన్న ముక్కల్ని స్పేడ్స్ అనే ప్రోగ్రాముతో అతికించి అసెంబ్లీ చేశాం. 212 కాంటిగులు (అతికి వచ్చిన ముక్కలు), మొత్తం 70 లక్షల బేస్ జతలకి కాస్త తక్కువ. యాంటీబయోటిక్ల లాంటి రసాయనాలు చేసే జన్యు క్లస్టర్లని (బీజీసీలని) వెతికే యాంటీస్మాష్‌లో వేస్తే 38 రీజియన్లు. అదే జాతిలో నేల మీది స్ట్రెయిను జే1074కి అదే యాంటీస్మాష్ ఇరవై పైచిలుకే చూపిస్తోంది. "సముద్రపు దాంట్లో బీజీసీలు ఎక్కువ" అని రాసి పంపితే సమీక్షకుడు ఒక్క ముక్కలో కొట్టేశాడు, ఈ రెండూ పోల్చదగ్గవి కావట. ఎందుకు కావు? జాతి ఒకటే, సాఫ్ట్‌వేరూ ఒకటే. ఇంకేం కావాలి?

కాంటిగ్_కనకం
38 అనే అంకె మీ బాక్టీరియాది కాదండి, మీ అసెంబ్లీది. యాంటీస్మాష్ జాబితాలో రీజియన్ కాంటిగ్ అంచున తెగిపోయి ఉంటే అక్కడ గుర్తు పెడుతుంది. అలాంటివి ఎన్నున్నాయో ముందు లెక్క చెప్పండి.

పాలీకీటైడ్, ఎన్ఆర్‌పీఎస్ అనే రెండు రకాల క్లస్టర్ల జన్యువుల్లో ఒకే మాడ్యూలు మళ్లీ మళ్లీ పేర్చినట్టు ఉంటుంది. ఒక్కో మాడ్యూలు కొన్ని వేల బేస్‌లు, పాలీకీటైడ్ వాటిలో కీటోసింథేజ్ అనే ఎంజైము ముక్క ఒకదానికొకటి దాదాపు అచ్చు గుద్దినట్టే. 150 బేస్‌ల రీడ్డుకి తను ఏ మాడ్యూల్లోదో తెలిసే దారే లేదు. స్పేడ్స్ అక్కడ తెంపేసి ఊరుకుంటుంది. అలా ఒక పెద్ద క్లస్టరు మూడు నాలుగు కాంటిగుల్లోకి చెదిరిపోతుంది, యాంటీస్మాష్ ఏ ముక్కకి ఆ ముక్కని వేరే రీజియన్‌గా లెక్కేస్తుంది. జే1074 మొదటి నుంచి చివరిదాకా ఒకే ముక్క. దానికి ఈ బాధ లేదు.

మొగ_దాటాక
చూశాను. 38లో 21 అంచున ఉన్నాయి.

ఆయ్_అంటే_ఆయ్
కొబ్బరికాయ కొట్టి, రెండు చెక్కల్నీ రెండు కాయలుగా లెక్క రాశారన్నమాట.

కాంటిగ్_కనకం
అంతే. డబ్బు ఖర్చు లేకుండా ఒక తనిఖీ ఉంది. జే1074 పూర్తి జీనోము దించుకుని దాన్నుంచి కృత్రిమంగా 150 బేస్‌ల రీడ్లు పుట్టించండి, ఆర్ట్ అనే ప్రోగ్రాము చాలు. మీ దానికి ఎన్ని రెట్ల కవరేజి (ఒక్కో చోటుని ఎన్ని రీడ్లు కప్పాయో) ఉందో అంతే. అదే స్పేడ్స్ వెర్షను, అవే సెట్టింగులు. వచ్చిన ముక్కల్ని యాంటీస్మాష్‌లో వేయండి. ఇరవై పైచిలుకు కాస్తా ముప్పై దాటిందంటే మీ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిపోయినట్టే.

చెట్టు_వేళ్లు
కనకం గారి చిట్కా మంచిదే గానీ పూర్తి న్యాయం జరగదు. ఆర్ట్ రీడ్లు జీనోము అంతటా సమంగా పడతాయి. స్ట్రెప్టోమైసిస్‌లో జీసీ (డీఎన్ఏలో జీ, సీ అక్షరాల వాటా) 72–73%. అసలు లైబ్రరీలో (మెషీనుకి సిద్ధం చేసిన డీఎన్ఏలో), ముఖ్యంగా ట్రాన్స్‌పోజేజ్‌తో కోసి పీసీఆర్ చేసే కిట్లలో, జీసీ ఇంకా ఎక్కువున్న చోట కవరేజి పాతాళానికి పడిపోతుంది. కాబట్టి నిజమైన అసెంబ్లీ కృత్రిమ దానికన్నా సాధారణంగా ఎక్కువ ముక్కలే అవుతుంది. జే1074 ముప్పై దాటకపోయినా మీది గెలిచినట్టు కాదు.

పొడుగు రీడ్లు తీయించక తప్పదు. నానోపోర్ 50 రెట్లు చాలు, అంటే 70 లక్షల జీనోముకి 35 కోట్ల బేస్‌లు. మొత్తం ఎంతొచ్చిందన్నదాని కన్నా రీడ్ల పొడుగు ముఖ్యం. సగం డేటా 15–20 వేల బేస్‌లు దాటిన రీడ్లలో ఉండాలి. ఉన్న ఇల్యూమినా డేటా పారేయకండి, చివర మెరుగు దిద్దడానికి అదే కావాలి.

సీటాబ్_సుబ్బులు
ఆ పొడుగు రీడ్లు రావాలంటే డీఎన్ఏ పొడుగ్గా రావాలి. స్ట్రెప్టోమైసిస్‌తో సగం మంది పడేది ఇక్కడే. పని చేసే పద్ధతి రాస్తున్నా.

50 మి.లీ. టీఎస్‌బీ అనే పోషక ద్రవంలో 28 డిగ్రీల దగ్గర 36 నుంచి 48 గంటలు పెంచండి. ముదిరితే గోడ గట్టిపడుతుంది, రంగులూ చేరతాయి. 0.5% గ్లైసీన్ వేస్తే గోడ బలహీనంగా పెరుగుతుంది, అంతకు మించితే పెరుగుదలే ఆగిపోవచ్చు. సెంట్రిఫ్యూజ్ చేశాక 10.3% సుక్రోజుతో రెండుసార్లు కడగండి. సముద్రపు నీళ్ల మాధ్యమంలో పెంచినవారు దీన్ని ఎగ్గొట్టకూడదు, ఉప్పు ఎక్కువున్న చోట లైసోజైమ్ సరిగా పనిచేయదు. లైసోజైమ్ 10 మి.గ్రా./మి.లీ., 37 డిగ్రీలు, గంట నుంచి రెండు గంటలు. తర్వాత 1% ఎస్‌డీఎస్, ప్రొటీనేజ్-కే, 55 డిగ్రీలు, రెండు గంటలు, ద్రవం తేటపడేదాకా. అప్పుడు సోడియం క్లోరైడ్‌ని 0.7 మోలారుకి తెచ్చి, ఆ తర్వాతే సీటాబ్ (చక్కెరల గొలుసుల్ని, ప్రొటీన్లని వేరుచేసే డిటర్జెంటు) వేసి 65 డిగ్రీలలో 10 నిమిషాలు ఉంచండి. ఉప్పు 0.5 మోలారు కన్నా తక్కువుంటే సీటాబ్ డీఎన్ఏని కూడా పట్టుకుని కిందికి దిగిపోతుంది, చేతికేమీ మిగలదు. క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1. మెల్లగా తిప్పడమే, వోర్టెక్స్ ముట్టుకోవద్దు. ఐసోప్రొపనాల్ 0.6 వంతు వేస్తే దారప్పోగులా తేలుతుంది, గాజు కడ్డీకి చుట్టి తీయండి. టిప్పు కొస కోసి వాడండి.

ప్రొటీనేజ్-కే గురించి ఇంకో మాట. స్ట్రెప్టోమైసిస్ క్రోమోజోము గుండ్రం కాదు, కర్రలా రెండు కొసలుంటాయి. ఆ కొసలకి ఒక ప్రొటీను గట్టిగా అతుక్కుని ఉంటుంది. ప్రొటీనేజ్ సరిగా పనిచేయకుండా క్లోరోఫామో ఫీనాలో వేశారంటే కొస ముక్కలు ఆ ప్రొటీనుతో పాటు మధ్యలోని తెల్ల పొరలోకి పోతాయి. తర్వాత జీనోములో కొసలు లేవని ఏడ్చి లాభం లేదు.

మొగ_దాటాక
డీఎన్ఏ శుద్ధత చూసే నిష్పత్తుల్లో 260/280 1.85 ఉంది, 260/230 మాత్రం 1.1 దగ్గరే ఆగింది. పంపొచ్చా?

సీటాబ్_సుబ్బులు
పంపకండి. అది బహుశా పాలీశాకరైడ్ (చక్కెరల గొలుసు). నానోపోర్ రంధ్రాలు గంటల్లోనే మూసుకుపోతాయి. సీటాబ్ మెట్టు ఇంకోసారి చేయండి. కొలత క్యూబిట్‌తో చూడండి, నానోడ్రాప్ ఆర్ఎన్ఏని కూడా కలిపి ఎక్కువ చూపిస్తుంది.

ఉప్పుటేరు_ఒడ్డు
అందరూ ట్యూబులోకి దూరిపోయారు. నా అనుమానం అంతకు ముందుది. అసలు ఇది సముద్రపుదని ఎవరు చెప్పారు?

స్ట్రెప్టోమైసిస్ స్పోరు ఎక్కడ పడినా నెలల తరబడి నిద్రపోగలదు. గోదారికి జూలై, ఆగస్టుల్లో ఎర్రనీళ్లు వస్తే ఎగువ పొలాల మట్టి ధవళేశ్వరం దాటి, గౌతమి మీదుగా అఖాతంలోకి కూడా దిగుతుంది. స్పంజికేమో ఒళ్లంతా రంధ్రాలున్న వడపోత గుడ్డ, రోజుకి కిలోకి వేల లీటర్లు లాగి వదులుతుంది. వడపోత గుడ్డ మీద దొరికినదంతా దాని సొంత సంసారమేనా? వరి చేలో పుట్టిన స్పోరు స్పంజికలో చిక్కుకుంటే దాని జీనోముని నేల బాక్టీరియాతో పోల్చి "సముద్రపు అనుసరణలు" వెతకడం, అద్దంలో చూసుకుని అన్నదమ్ముల పోలికలు వెతికినట్టు ఉంటుంది.

పులస_సీజన్
సముద్రంలో ఉంటే ఇలస, గోదారెక్కితే పులస. మీది గోదారి దిగిన రకం. రేటు పడిపోతుంది.

మొగ_దాటాక
నవ్వింది చాలు గానీ, దీన్ని తేల్చడం ఎలా?

ఉప్పుటేరు_ఒడ్డు
మూడు పనులు. ఒకటి, స్పంజిక తీసిన చోటే నీళ్లూ అడుగు బురదా కూడా తీసి అదే మాధ్యమం మీద పరచాలి. మీ స్ట్రెయినే మూడింటిలోనూ సమానంగా వస్తే స్పంజికకి ప్రత్యేకం కాదు. రెండు, స్పంజిక కణజాలం నుంచి నేరుగా తీసిన 16ఎస్ డేటాలో మీ వరుస కనిపించాలి. పెంచిన ప్లేటు మీద మాత్రమే వచ్చి కణజాలంలో మచ్చుకైనా లేకపోతే అది నిద్రపోతున్న స్పోరు కావచ్చు. మూడు, పెరుగుదల పరీక్ష. ఏ1 మాధ్యమం: స్టార్చి 10 గ్రా., ఈస్టు ఎక్స్‌ట్రాక్టు 4 గ్రా., పెప్టోను 2 గ్రా., అగరు 18 గ్రా., లీటరుకి. ఒక సెట్టు సముద్రపు నీళ్లతో, ఒకటి డిస్టిల్డ్ నీళ్లతో, ఇంకోటి డిస్టిల్డ్ నీళ్లలో ఉత్త సోడియం క్లోరైడుతో. స్పోర్ల లెక్క సమానం చేసి 5 మైక్రోలీటర్ల చుక్క పెట్టండి. 28 డిగ్రీలు. 3, 5, 7, 10 రోజులకి కాలనీ వ్యాసం కొలవాలి, స్పోర్లు ఎన్నో రోజుకి కట్టాయో రాసుకోవాలి. పక్కన నేల చుట్టాన్నీ పెట్టాలి.

"7% ఉప్పులో కూడా పెరిగింది" అన్నది ఏ సాక్ష్యమూ కాదు, పొలంలోని స్ట్రెప్టోమైసిస్‌లు చాలా వరకు ఉప్పు ఓర్చుకుంటాయి. ఓర్చుకోవడం వేరు, ఉప్పుంటేనే త్వరగా పెరిగి స్పోర్లు కట్టడం వేరు. ఐర్లండులో హాలిక్లోనా సిములాన్స్ అనే స్పంజిక నుంచి తీసిన ఎస్ఎం17 అనే స్ట్రెప్టోమైసిస్ మీద 2019లో అచ్చయిన పనిలో చూసింది ఈ రెండోదే. దానికి పక్కన పెట్టిన నేల చుట్టం మీ జే1074నే. చదివే ఉంటారు.

బురదకాళ్లు
నీళ్ల సంగతి నేను చెప్తా. ఉప్పాడ వైపు రొయ్యల హేచరీల్లో సముద్రపు నీళ్లు దొరుకుతాయి గానీ క్లోరిన్ వేయకముందు పట్టుకోండి. వేశాక అయితే సోడియం థయోసల్ఫేటుతో విరగ్గొట్టాలి, లేకపోతే ఏం పెరుగుతుంది, ప్లేటు బోసిగా ఉంటుంది. ఉప్పదనం ఆక్వా షాపులో దొరికే రిఫ్రాక్టోమీటరుతో ప్రతి బ్యాచికీ చూసి రాసుకోండి. వరదల్లో పట్టిన నీళ్లూ మే నెలలో పట్టిన నీళ్లూ ఒకటి కావు. స్పంజికలు కూడా ఏప్రిల్, మే నెలల్లోనే తీయాలి, అఖాతం ఉప్పగా ఉన్నప్పుడు. ఇంకోటి, సముద్రపు నీళ్లని అగరుతో కలిపి ఆటోక్లేవు చేస్తే తెల్లటి మడ్డి దిగుతుంది. ఆ మడ్డి చూసి కాలనీ అనుకున్నవాళ్లున్నారు. నీళ్లు విడిగా, మిగతాది విడిగా చేసి చల్లారాక కలపండి.

కోరింగ అభయారణ్యం గీత లోపల ఏది తీయాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. జెట్టీ స్తంభం అయితే పోర్టు వాళ్లని అడగాలి. ఇది ముందే చూసుకోండి, పేపరు అచ్చు దగ్గర ఆగిపోతుంది.

మొగ_దాటాక
తీసింది సెప్టెంబరులో.

ఉప్పుటేరు_ఒడ్డు
అదిగో.

ఆల్చిప్ప
అంత తొందరపడి తీర్పు చెప్పకండి ఒడ్డు గారూ. నేల నుంచి వచ్చినదైనా, సముద్రంలో తరాల పాటు నిలిచి బతికితే జీనోములో జాడలుంటాయి. సాలినిస్పోరా చూడండి. మైక్రోమోనోస్పోరా చుట్టమే, ఆ చుట్టాలు నేలలోనూ మంచినీళ్లలోనూ ఉంటాయి, ఇది మాత్రం సముద్రం వదిలి బతకదు. కారణాల్లో ఒకటి ఎంఎస్‌సీఎల్ జన్యువు పోవడం. ఉప్పునీళ్ల నుంచి మంచినీళ్లలో పడ్డప్పుడు కణంలోకి నీరు తోసుకొస్తుంది. ఎంఎస్‌సీఎల్ ప్రొటీను పొరలో తలుపులా తెరుచుకుని లోపలి ద్రవాన్ని వదిలేసి ఒత్తిడి తగ్గిస్తుంది. తలుపు లేనిది పగులుతుంది. 2012లో ఆ జన్యువుని సాలినిస్పోరా ట్రోపికాలోకి తిరిగి పెడితే ఉప్పు తగ్గినప్పుడు మునుపటికన్నా బాగా తట్టుకుంది. జన్యువు లేకపోవడమే అనుసరణకి గుర్తు అని చూపించిన చక్కటి పని. మనం మాత్రం ఎప్పుడూ "ఎక్కువేం ఉంది" అనే వెతుకుతాం.

కాంటిగ్_కనకం
మంచి ఉదాహరణ. కానీ 212 ముక్కల అసెంబ్లీ చేతిలో పెట్టుకుని "ఫలానా జన్యువు లేదు" అనకూడదు. అది కాంటిగుల మధ్య సందులో ఉండొచ్చు. ముందు టీబ్లాస్ట్‌ఎన్‌తో అసెంబ్లీలో, దొరక్కపోతే ముడి రీడ్లలో వెతకండి. రీడ్లలో కూడా లేకపోతేనే లేదు.

పాత ఆర్9 నానోపోర్ డేటా మాత్రమే వాడిన జీనోములతో ఇంకో ప్రమాదం ఉంది. జీజీజీజీజీ లాంటి చోట ఒక అక్షరం జారిపోతుంది, ఫ్రేము తప్పి జన్యువు మధ్యలో ఆగిపోతుంది, జన్యువుల్ని గుర్తించే ప్రొక్కా దాన్ని రెండు ముక్కల జన్యువంటుంది. జీసీ 73% ఉన్న జీనోములో అలాంటివి వందల్లో వస్తాయి. "సముద్రానికి వచ్చాక జన్యువులు శిథిలమయ్యాయి" అని అందంగా రాసేసుకోవచ్చు. పాలీపోలిష్‌తో ఇల్యూమినా రీడ్లు వేసి దిద్దితే శిథిలాలన్నీ లేచి కూర్చుంటాయి.

ఆయ్_అంటే_ఆయ్
శవం లేచింది ఆయ్.

మొగ_దాటాక
ఎక్టోయిన్ (కణం ఎండిపోకుండా కాపాడే పదార్థం) చేసే జన్యువులు ఉన్నాయి మా దాంట్లో. ఎక్ట్-ఏబీసీ మూడూ పక్కపక్కనే, డీ కూడా. ఇది ఉప్పు తట్టుకోవడానికే కదా, దీన్నైనా సముద్రపు గుర్తుగా చెప్పొచ్చా?

చెట్టు_వేళ్లు
వద్దు. నేల మీది స్ట్రెప్టోమైసిస్ సీలికలర్‌లోనే ఆ నాలుగూ ఉన్నాయి. ఎండాకాలం మట్టి ఎండినా కణానికి అదే దాహం, ఉప్పు పెరిగినా అదే దాహం. దాహం తట్టుకోవడానికి బీటైన్, ప్రోలీన్‌లని కణంలోకి లాక్కునే రవాణా ప్రొటీన్లూ అంతే. సోడియంని బయటికి తోసే సోడియం-ప్రోటాన్ యాంటీపోర్టర్లు కూడా అన్ని చోట్లా ఉంటాయి. ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. ఎన్ని నకళ్లున్నాయి, ఆ అదనపు నకలు చుట్టాలన్నిటిలో ఉందా, లేక ఈ కొమ్మకే ఎక్కడినుంచో వచ్చిందా అన్నది ప్రశ్న. ఆ జన్యువుకి విడిగా చెట్టు గీసి చూడాలి.

ఇక చుట్టం ఎంపిక. 16ఎస్ 99.8% అంటే ఈ ప్రజాతిలో ఏమీ చెప్పనట్టే. ఏటీపీడీ, గైరేజ్-బీ, రెక్-ఏ, ఆర్‌పీఓబీ, టీఆర్‌పీబీ జన్యువులు అయిదూ కలిపి చెట్టు గీయండి, లేదా రెండు జీనోముల పోలిక శాతం (ఏఎన్ఐ) చెప్పే ఫాస్ట్‌ఏఎన్ఐ నేరుగా వేయండి. 95–96% దాటితే ఒకే జాతి. డిజిటల్ డీడీహెచ్ అనే ఇంకో పోలిక కొలతలో గీత 70%. ఎంతొచ్చింది?

మొగ_దాటాక
ఏఎన్ఐ జే1074తో 98.6.

చెట్టు_వేళ్లు
అంటే ఒకే జాతిలో రెండు స్ట్రెయిన్లు. మంచిదే, దూరం తక్కువైతే తేడాలకి చోటు గురించిన కారణం వెతకడం తేలిక. కానీ జే1074 దగ్గర ఒక మడతపేచీ ఉంది. అది పొలం నుంచి నేరుగా వచ్చినది కాదు, ల్యాబులో మలిచిన స్ట్రెయిను. బయటి డీఎన్ఏ సులువుగా దూరాలని అలాంటి డీఎన్ఏని కోసేసే సాల్-1 రిస్ట్రిక్షన్ వ్యవస్థ చెడిపోయిన మ్యూటెంటుని ఎంచి తీశారు, అందుకే ప్రపంచమంతా దాన్ని హోస్టుగా వాడుతోంది. ఇప్పుడు మీరు "స్పంజికలో ఫేజ్‌ల (బాక్టీరియాకి పట్టే వైరస్‌ల) బెడద ఎక్కువ, అందుకే మా దాంట్లో రిస్ట్రిక్షన్ వ్యవస్థలు ఎక్కువ" అని రాస్తే, పళ్లు పీకిన పాముని పక్కన పెట్టి మా పాముకి కోరలున్నాయి అన్నట్టే.

ఆల్చిప్ప
ఈ ముక్క నాకూ తట్టలేదు, నిజం ఒప్పుకుంటున్నా. స్పంజిక సహజీవుల్లో రిస్ట్రిక్షన్ వ్యవస్థలు, క్రిస్పర్, ట్రాన్స్‌పోజేజ్‌లు ఎక్కువుండటం మెటాజీనోముల్లో (కణజాలంలోని డీఎన్ఏ అంతా కలిపి చదివిన డేటాలో) పదే పదే కనిపించిన సంగతే. కాబట్టి అలా రాయడానికి చెయ్యి లాగుతుంది. అక్కడే మోసపోతాం.

అవి అసలు సహజీవుల సంగతులని కూడా గుర్తుంచుకోవాలి. పోరీబాక్టీరియా, ఎంటోథియోనెల్లా లాంటివి, ప్లేటు మీద పెరగనివి. వాటిలో ఆంకిరిన్, టీపీఆర్, ల్యూసిన్ రిపీటు ప్రొటీన్లు దండిగా ఉంటాయి. ఒక సహజీవి ఆంకిరిన్ ప్రొటీన్లని ఈకోలైలో పెడితే అమీబా ఆ ఈకోలైని మింగి కూడా అరిగించుకోలేకపోయింది. స్పంజిక కణం తనని తినకుండా బాక్టీరియా వాడే ఉపాయం బహుశా ఇదే. పోరీబాక్టీరియాలో సల్ఫటేజ్‌లు కూడా బాగా ఉంటాయి, స్పంజిక దేహంలోని సల్ఫేటు కలిసిన చక్కెరల్ని విప్పడానికి. మీ స్ట్రెప్టోమైసిస్‌లో ఇవన్నీ ఉండాలని ఆశ పెట్టుకోకండి. ఒక ఆంకిరిన్ కనిపించినంత మాత్రాన పండగ చేసుకోకండి కూడా, నేల బాక్టీరియాలోనూ అక్కడక్కడా ఉంటాయి. సల్ఫటేజ్‌ల లెక్క మాత్రం తీసి చూడండి, అది పనికొచ్చే పోలిక.

మొగ_దాటాక
అయితే జే1074 వదిలేసి కోనసీమ మట్టి నుంచే ఒకటి తీయనా? అమలాపురం దగ్గర కొబ్బరి తోట మట్టి తెప్పించగలను.

బురదకాళ్లు
కోనసీమ మట్టి నేల మట్టి అని మీకెవరు చెప్పారండీ? అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా సగం చోట్ల పోటు నీళ్లు ఉప్పుటేర్లలో ఎగదన్నుతాయి, పక్కనే రొయ్యల చెరువులు. ఆ తోట మట్టిలో ఉప్పెంతుందో కండక్టివిటీ మీటరు పెట్టి చూడండి ముందు. సముద్రపు దానికి పక్కన పెట్టే "నేల" నమూనా ఉప్పు చౌడుదైతే పోలిక అక్కడే చచ్చింది. రాజమండ్రికి ఎగువన, పోటు తగలని మెట్ట నేల నుంచి తీయండి.

ఉప్పుటేరు_ఒడ్డు
బురదకాళ్లు గారికి ఓటు. నేనైతే రెండూ తీస్తా. మెట్ట మట్టి ఒకటి, చౌడు మట్టి ఒకటి, అఖాతం స్పంజిక ఒకటి. చౌడుదీ స్పంజికదీ ఒకేలా ఉండి మెట్టది వేరుగా ఉంటే మీరు చూస్తున్నది ఉప్పు ప్రభావం, స్పంజిక ప్రభావం కాదు. ఈ తేడా డెల్టాలో కూర్చుని చేయగలిగినంత తేలిగ్గా ఇంకెక్కడా చేయలేరు. దీన్ని వదిలేసి ఎక్కడో ల్యాబు స్ట్రెయినుతో పోల్చడం ఏంటో.

సీటాబ్_సుబ్బులు
మట్టి గాలికి ఆరబెట్టి, కాల్షియం కార్బొనేటు కలిపి కొన్ని రోజులు ఉంచాక పరచండి, యాక్టినోలు (స్ట్రెప్టోమైసిస్ లాంటివి) పైకొస్తాయి. అక్కర్లేని బాక్టీరియాకి నాలిడిక్సిక్ ఆసిడ్ 25 మైక్రోగ్రా./మి.లీ., బూజుకి సైక్లోహెక్సిమైడ్ 50. నాలిడిక్సిక్ నీళ్లలో కరగదు, కొద్దిగా సోడియం హైడ్రాక్సైడులో కరిగించాలి. సైక్లోహెక్సిమైడ్ విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

చెట్టు_వేళ్లు
ఎన్ని తీసినా అన్నీ ఒకే కిట్టు, ఒకే మెషీను, ఒకే అసెంబ్లీ. తర్వాత అన్నిటినీ ఒకే పనిముట్టుతో అనోటేట్ చేయాలి (జన్యువుల్ని గుర్తించి పేర్లు పెట్టాలి), బక్టా కానివ్వండి, ప్రొక్కా కానివ్వండి. ఒకటి ఎన్‌సీబీఐ నుంచి దించిన అనోటేషను, ఇంకోటి మీరు చేసుకున్నది అయితే వచ్చే "ప్రత్యేక జన్యువుల్లో" చాలా భాగం రెండు ప్రోగ్రాముల మధ్య తగువే. జీనోము శుద్ధత చూసే చెక్ఎం వేసి కలుషితం 2–3% దాటితే ఆపేయండి. స్పంజిక ప్లేట్ల మీద బాసిల్లస్ తీగలా పాకి కాలనీల కింద దాక్కుంటుంది. కాంటిగుల జీసీ గీసి చూస్తే 40ల్లో చిన్న గుట్ట విడిగా కనబడుతుంది, స్ట్రెప్టోమైసిస్ అంత కిందికి దిగదు.

ప్యాన్‌జీనోముకి (అన్ని స్ట్రెయిన్ల జన్యువుల ఉమ్మడి జాబితాకి) వాడే రోరీ మామూలుగా 95% పోలిక అడుగుతుంది. ఒకే జాతిలో సరిపోతుంది గానీ జాతులు కలిపితే ఒకే జన్యువు రెండు గుంపులై "సముద్రానికే ప్రత్యేకం" అనే అబద్ధం పుడుతుంది. జాతులు దాటితే ఆర్థోఫైండర్ వాడండి.

ఇంకా ముఖ్యం: రెండు జీనోములతో ఏ సూత్రమూ తేలదు. ఏ రెండు స్ట్రెయిన్లు తీసినా వందల జన్యువులు తేడా ఉంటాయి, అది ఈ ప్రజాతి స్వభావం. జంటలు కావాలి. ఒక స్పంజికది, దానికి చెట్టులో పక్కనే ఉన్న నేలది. అలాంటి జంటలు వేరు వేరు కొమ్మల మీద కనీసం అయిదారు. అన్ని జంటల్లోనూ ఒకే వైపు మొగ్గిన జన్యువు గురించే మాట్లాడండి. ఏ జన్యువు ఎటు మొగ్గిందో లెక్కగట్టే స్కోరీ లాంటిది వాడితే మంచి చెట్టు ఇచ్చి వాడండి, చెట్టుని పట్టించుకోని లెక్క అన్నదమ్ముల్ని వేరు వేరు సాక్షులుగా చూస్తుంది.

పులస_సీజన్
అయిదారు జంటలు అంటే ముహూర్తాలు లేవేమో ఈ నెలలో.

కాంటిగ్_కనకం
అసెంబ్లీకి రెండు మాటలు. పొడుగు రీడ్లని అతికించే ఫ్లై వాడితే కొసల దగ్గర ఒకటి గమనించండి. క్రోమోజోము రెండు కొసల్లోనూ ఒకే వరుస తిరగేసి ఉంటుంది. సీలికలర్‌లో అది 21 వేల బేస్‌ల పైనే. అసెంబ్లరు ఆ రెంటినీ ఒకటిగా మడిచేసి ఒక కొసకే అతికిస్తుంది, ఆ చివర కవరేజి రెట్టింపు కనబడుతుంది. అలా ఉంటే రెండో కొసకి చేతితో చేర్చాలి. గుండ్రటి జీనోములకి చేసినట్టు డీఎన్ఏ-ఏ జన్యువు దగ్గర కోసి తిప్పేయకండి. స్ట్రెప్టోమైసిస్‌లో అది మధ్యలో ఉండాల్సిందే.

కొసల మీద ఇంత పట్టుదల ఎందుకంటే మీరు వెతికేవన్నీ అక్కడే ఉంటాయి. మధ్య భాగం చుట్టాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. బయటినుంచి వచ్చిన జన్యువులు, బీజీసీలు, ట్రాన్స్‌పోజేజ్‌లు ఎక్కువగా క్రోమోజోము చేతుల్లో, అంటే కొసల వైపు భాగాల్లో ఉంటాయి. పూర్తయ్యాక బీజీసీలని అంకెతో కాకుండా బిగ్‌స్కేప్‌తో కుటుంబాలుగా పోల్చండి. 22 ఉన్నాయా 24 ఉన్నాయా అని కాదు, ఏ కుటుంబం ఇక్కడుండి అక్కడ లేదో చెప్పండి.

మొగ_దాటాక
అర్థమైంది. ఈ పేపరు వెనక్కి తీసుకుంటున్నా. మే నెలలో స్పంజిక, నీళ్లు, బురద మళ్లీ తీస్తాం, ఎగువ మట్టీ చౌడు మట్టీ కూడా. ఈలోగా ఇదే స్ట్రెయినుకి పొడుగు రీడ్లు తీయిద్దామని ఇవాళే స్లాంటు (ఏటవాలు అగరు గొట్టం) నుంచి కొత్త ఫ్లాస్కు వేశాను.

సీటాబ్_సుబ్బులు
ఆ స్లాంటు ఎన్నో పాసేజీ, అంటే ఎన్నిసార్లు మార్చి పెంచినది?

మొగ_దాటాక
పదకొండో, పన్నెండో. ఏ మాధ్యమం మీదన్నది పట్టించుకోలేదు, ఎక్కువసార్లు మామూలు ఐఎస్‌పీ2 మీదే.

సీటాబ్_సుబ్బులు
ఫ్లాస్కు పారబోయండి. స్ట్రెప్టోమైసిస్ కొసలు వాటంతటవే తెగిపోతుంటాయి, వెయ్యి స్పోర్లలో ఒకటికి పైనే పెద్ద ముక్క పోగొట్టుకుంటుంది. ఉప్పు లేని మాధ్యమం మీద పన్నెండు సార్లు మారిస్తే అక్కడ బాగా పెరిగేదాన్నే మీరు ఎంచుకుంటూ వచ్చినట్టు. మొదటి ఇల్యూమినా కూడా దీనిదేనా?

మొగ_దాటాక
దీనిదే. మైనస్ 80లో మొదటి పాసేజీ వయల్ ఒకటుంది, గ్లిసరాల్లో.

సీటాబ్_సుబ్బులు
ఒక్కటే అయితే కరగనివ్వకండి. ఐస్ మీద పెట్టి, పైన కొద్దిగా లూపుతో గీకి ఏ1 సముద్రపు నీళ్ల ప్లేటు మీద గీయండి, వయల్ వెంటనే లోపల పెట్టేయండి. వచ్చిన ప్లేటు స్పోర్లన్నీ 20% గ్లిసరాల్లో పది వయళ్లు చేసుకుని, డీఎన్ఏ ఆ ప్లేటు నుంచే.

బురదకాళ్లు
నీళ్లు క్లోరిన్ వేయకముందువే. మర్చిపోకండి.